నాలుగో ప్లాట్‌ఫారం గొడవ

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆమెకు రోజూ రెండు రకాల మనుషులతో వేగాల్సి వచ్చేది. మొదటి రకం వాళ్ళు ఎదురుగా కుర్చీలో కూర్చుని, కొత్త ఫ్రేము పెట్టుకుని, అద్దంలో తల అటూ ఇటూ తిప్పుకుంటూ "ఇందులో నేను నాలా లేనేంటి?" అని అడిగేవాళ్ళు. రెండో రకం వాళ్ళు కౌంటరు సొరుగులో, ఆమె ఫోనులో ఉండేవాళ్ళు. మొదటివాళ్ళతో ఎలాగో నెగ్గుకొచ్చేది. రెండోవాళ్ళతోనే తల ప్రాణం తోకకి వచ్చేది.

ఆ రెండోవాళ్ళంతా 'కొత్త ఆటల కబుర్లు' అనే ఆన్‌లైన్ గ్రూపు పాఠకులు. ఏ కంపెనీ ఏ వీడియో గేమ్ ప్రకటించినా, కొత్త ఫోను వచ్చినా, ఎక్కడో ఎవరో మెట్లెక్కే మరమనిషిని చేసినా, ఆ వార్త తెచ్చి అందులో పడేసేవాళ్ళు. పనికొచ్చేది ఉంచి, పనికిరానిది తీసేసి, కొట్లాడుకునేవాళ్ళని విడదీయడం ఆమె పని. గ్రూపు మొదలుపెట్టింది ఆమె కాదు, మరిది. "వదినా, పరీక్షలయ్యేదాకా కాస్త చూసుకో" అని ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు. పరీక్షలయ్యాయి. ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. గ్రూపు మాత్రం వదిన దగ్గరే ఉండిపోయింది. పాఠకుల్లో సగంమంది ఆమెను 'అడ్మిన్ అన్నా' అనేవాళ్ళు, మిగతా సగం 'అడ్మినక్కా' అనేవాళ్ళు. ఎవరినీ ఆమె సరిదిద్దలేదు. తిట్టేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే మాట వాడేవాళ్ళు.

పాఠకుల తీరు అలాంటిది. ఒక ట్రైలరు వచ్చిందంటే చాలు, అప్పటికే నలుగురు పెట్టిన దాన్నే అయిదోవాడు తెచ్చి "ఇది ఎవరూ చూసినట్టు లేరు" అంటూ పెట్టేవాడు. ఏ పోస్టు పడినా దాని కింద అందరికంటే ముందు 'ఫస్ట్' అని రాసి మాయమయ్యేవాడొకడు. ఇన్నేళ్ళలో వాడు ఇంకో మాట రాసిన పాపాన పోలేదు. 'లీకు వీరుడు' అని తనకు తానే పేరు పెట్టుకున్న ఇంకొకడు రాబోయే ఆటల గురించి ముందే చెప్పేవాడు. "లోపలి మనిషి చెప్పాడు" అనేవాడు. ఆ మనిషి ఎక్కడ, దేని లోపల ఉన్నాడోగానీ, వాడు చెప్పింది ఒక్కటీ జరగలేదు. జరగనప్పుడల్లా "కంపెనీ చివరి నిమిషంలో మనసు మార్చుకుంది" అని కొట్టిపారేసేవాడు. ఇక కంప్యూటరు మీద ఆడేవాళ్ళు టీవీకి పెట్టె తగిలించుకుని ఆడేవాళ్ళని మనుషుల్లో జమకట్టేవాళ్ళు కాదు. ఇద్దరూ కలిసి ఫోనులో ఆడేవాళ్ళని అసలు ప్రాణుల్లోనే జమకట్టేవాళ్ళు కాదు.

వీళ్ళందరూ చాలరన్నట్టు ఆమె భర్త ఒకరోజు వాళ్ళ నాన్నని కూడా అందులో చేర్చాడు.

"ఆయనకి కాలక్షేపంగా ఉంటుందని" అన్నాడు.

"మరి నాకు?" అంది ఆమె. ఆ పూట అంతా భర్తతో మాట్లాడలేదు.

మావగారు బస్టాండులో ప్రకటనలు చదివే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. విచారణ కిటికీ వెనక గాజు గదిలో, మైకు ముందు, కుర్చీ అరిగేదాకా కూర్చున్న మనిషి. ఏ బస్సు ఎక్కడికి, ఏ ప్లాట్‌ఫారం మీద, ఎన్ని గంటలకి, ఈ మూడూ చెప్పనిది ప్రకటనే కాదని ఆయన గట్టి నమ్మకం. చివర్లో మైకు ముందు మాట్లాడే మిషను పెట్టి ఆయన్ని విచారణ కిటికీకి మార్చారు. రిటైరయ్యాక, అత్తగారు పోయాక, కొడుకింటికి వచ్చేశాడు. వచ్చాక కూడా స్నానానికి నీళ్ళు కాగాయని చెప్పాలన్నా "వేడినీళ్ళు సిద్ధముగా ఉన్నవి, గమనించ ప్రార్థన" అనే చెప్పేవాడు. చివరి 'ప్రార్థన' దగ్గర గొంతు మెట్టు దిగినట్టు దిగేది. కోడలు కాపురానికి వచ్చేసరికే ఆయన మైకు వదిలేశాడు. ఆయన ఉద్యోగంలో ఎలా మాట్లాడేవాడో ఆమె ఎన్నడూ వినలేదు. ఇంట్లో విన్నది మాత్రం చాలనిపించేది.

గ్రూపులో చేరిన మావగారికి మొట్టమొదట తగిలిన మాట 'త్వరలో'. ఆటలు తయారుచేసేవాళ్ళు ప్రకటన చేసి కింద 'త్వరలో' అని వేస్తారు. ఆ త్వర కొన్నిసార్లు ఏళ్ళకేళ్ళు సాగుతుంది. పాఠకులకి అలవాటే. మావగారికి అలవాటు కాలేదు. కనిపించిన ప్రతి 'త్వరలో' కిందా వెళ్ళి "ఏ తేదీ? ఏ సమయము? స్పష్టముగా తెలుపవలెను" అని రాయడం మొదలుపెట్టాడు. ఆట చేసినవాళ్ళు ఆ గ్రూపులో ఉండరని, ఆ ప్రశ్న చదివేది ఆయనలాంటి పాఠకులేనని కోడలు ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు.

"అడిగేవాడు లేకపోబట్టే అలా రాస్తున్నారమ్మా."

"మీరు అడిగినా వాళ్ళకి వినపడదు మావయ్యగారూ."

"బస్టాండులో కూడా అందరికీ వినపడదు. అలాగని చెప్పడం మానేస్తామా?"

దానితో ఆగితే బాగుండేది. మాట్లాడే ఫ్రిజ్జు, నెలకోసారి ఛార్జింగు పెడితే చాలనే ఫోను, దారి తప్పి సముద్రంలో పడిన ఉపగ్రహం, ఇలా ఏ వార్త కనిపించినా తెచ్చి పెట్టేవాడు. పాతదైతే ఆమె తీసేసేది. తీసేసిన ప్రతిదానికీ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర విచారణ జరిగేది. మిగతా పాఠకులు కనీసం బయటివాళ్ళు. తిడితే ఫోను మూసెయ్యొచ్చు. ఈయన ఎదురుగా కూర్చుని కూర వడ్డించమంటూనే నిలదీసేవాడు.

"ఫ్రిజ్జు వార్త తీసేశావేం?"

"అది మూడేళ్ళ కిందటిది."

"ఫ్రిజ్జు ఇప్పుడు మాట్లాడ్డం మానేసిందా?"

భర్త కంచంలోంచి తల ఎత్తేవాడు కాదు. నవ్వు ఆపుకుంటున్నాడని ఆమెకు తెలిసేది. అది ఇంకా ఒళ్ళు మండించేది.

ఆ రోజుల్లోనే ఒక బస్సు ఆట ప్రకటన వచ్చింది. పెద్ద కంపెనీ ఏం కాదు, ఓ నలుగురైదుగురు కుర్రకారు కలిసి చేస్తున్న ఆట. ఆడేవాళ్ళు బస్సు డ్రైవరై, ప్రయాణికుల్ని ఎక్కించుకుని, వానలో ఎండలో నడుపుకుంటూ పోవాలి. ట్రైలరు చివర మామూలుగానే 'త్వరలో' అని వేశారు. పాఠకులకి తెగ నచ్చింది. నచ్చింది కాబట్టి ఒకరి తర్వాత ఒకరు అదే ట్రైలరు తెచ్చి పెట్టసాగారు. ఆమె తీసేస్తూ పోయింది. షాపులో ఆ పూట ఊపిరాడని పని. ఒకాయన కొత్త కళ్ళజోడు మీద తనే కూర్చుని, వంకర చేసుకుని, "మీరిచ్చిందే ఇలా ఉంది" అని వాదిస్తున్నాడు. ఆమె ఒక చేత్తో కాడల్ని వేడిచేసే పెట్టెలో పెట్టి, ఇంకో చేత్తో ఫోను చూసింది. మళ్ళీ అదే ట్రైలరు. ఈసారి పెట్టింది మావగారు. పైన ఒక్క ముక్క రాసి ఉంది: "ఇందులో ఉన్నది నేను."

ఆమె దాన్ని సరిగా చదవనైనా చదవలేదు. పోస్టు తీసేసి, ఆ విసురులోనే వారం రోజులపాటు ఆయన గ్రూపులో ఏమీ రాయకుండా కట్టడి పెట్టేసింది. పెట్టాక హాయిగా అనిపించింది. వంకర కళ్ళజోడు ఆయనతో కూడా కాస్త మెత్తగానే మాట్లాడింది.

సాయంత్రం విచారణ జరగలేదు. మావగారు తినేసి, కంచం తనే తీసి, గదిలోకి వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. వేడినీళ్ళ ప్రకటన లేదు. అడిగినదానికి తల ఊపడమే తప్ప మాట లేదు.

"నాన్నకేమైంది?" అన్నాడు భర్త.

"నోరు కట్టేశాను కదా, అలిగారు."

"గ్రూపులోనేగా కట్టేశావు?"

"ఆయనకి రెండూ ఒకటే."

ఇల్లు ప్రశాంతంగా ఉన్నందుకు సంతోషించాలో, ఆ ప్రశాంతత పంటికింద రాయిలా తగులుతున్నందుకు విసుక్కోవాలో ఆమెకు తేలలేదు. రెండూ చేసింది.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం గ్రూపులో బస్సు ఆట మీద పెద్ద రగడ లేచింది. ట్రైలరులో బస్టాండు ప్రకటన వినిపిస్తుందని, ఆ గొంతు భలే ఉందని ఒకడు మెచ్చుకున్నాడు. అది మనిషి గొంతు కానే కాదు, మిషను చేసిన గొంతని ఇంకొకడు. మిషనుకి అంత దర్జా ఉండదని మరొకడు. లీకు వీరుడు దిగి, అది ఫలానా సినిమా వాళ్ళు చేయించిన గొంతని లోపలి మనిషి చెప్పాడన్నాడు. ఒకరి పెంపకం గురించి ఒకరు మాట్లాడుకునేదాకా వెళ్ళింది. ఎవరిది తప్పో తేల్చాలంటే ట్రైలరు వినక తప్పదు. ఇన్నిసార్లు తీసేసిందేగానీ దాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదు. షాపు వెనక కటకాలు అరగదీసే మిషను గదిలోకి వెళ్ళి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

బస్టాండు రొద. ఎక్కడో పసిపిల్ల ఏడుపు. హారను. దాని మీదుగా, నిండుగా, ఎక్కడా తడుముకోకుండా ఒక మగ గొంతు: "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆరు గంటలకు ఓడరేవు వెళ్ళు ఎక్స్‌ప్రెస్ బస్సు నాలుగవ ప్లాట్‌ఫారముపై సిద్ధముగా ఉన్నది. గమనించ ప్రార్థన."

చివరి మాట దగ్గర గొంతు మెట్టు దిగింది.

ఆమె వెనక్కి జరిపి మళ్ళీ వింది. ఆ గొంతుకి వయసు లేదు, దగ్గు లేదు. పళ్ళన్నీ ఉన్న గొంతు. అయినా ఆ మెట్టు దిగడం మాత్రం ఇంట్లో రోజూ వినేదే. 'ఇందులో ఉన్నది నేను' అన్న ముక్క అప్పుడు గుర్తొచ్చింది. "అయ్యో, ఖర్మ" అనుకుంది. ఎవరి ఖర్మో ఆమెకే తెలియలేదు.

షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి మావగారు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మావయ్యగారూ, అది మీ గొంతేనా?"

ఆయన వీధిలోకే చూస్తున్నాడు.

"మిమ్మల్నే."

"నేను చెప్పాను. నువ్వు తీసేశావు."

"చూసుకోలేదండీ. ఆ రోజు పొద్దున్నించీ అదే ట్రైలరు ఎవడో ఒకడు పెడుతూనే ఉన్నాడు. మీరైనా ఇంట్లో ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"కట్టేసిన నోటితో ఎలా చెప్తానమ్మా?"

ఆమెకు తల గోడకేసి బాదుకోవాలనిపించింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. భర్త కూడా వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. సంగతి విని ఆవేశపడ్డాడు. "అడక్కుండా గొంతు ఎలా వాడుకుంటారు? కేసు వెయ్యాలి నాన్నా!"

"కేసెందుకురా?" అన్నాడు మావగారు. "ఫోను ఇలా ఇవ్వు." ట్రైలరు పెట్టి, సరిగ్గా బస్సు కదిలే చోట వేలితో ఆపాడు. "ఇది చూడు. ఓడరేవు బస్సు నాలుగో ప్లాట్‌ఫారం మీద ఉందని నేను చెప్తున్నానా? బస్సు ఎక్కడ ఉంది?"

బస్సు పక్కన స్తంభం మీద పెద్ద అంకె. రెండు.

"రెండో దాని మీద పెట్టారు! నా మాట నమ్మి ముసలివాళ్ళు, పిల్లలతల్లులు మూటలు మోసుకుని నాలుగో దానికి పరిగెత్తుతారు. అక్కడ బస్సు ఉండదు. మళ్ళీ వచ్చి ఎవర్ని తిడతారు? నన్ను. నా సర్వీసులో ఒక్కనాడు తప్పు ప్లాట్‌ఫారం చెప్పలేదు. నా గొంతుతో అబద్ధం చెప్పించారు."

"ఇదా మీ బాధ?" అంది కోడలు.

"మరింకేముంది?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆట బస్సులో ఎక్కేవాళ్ళు నిజం మనుషులు కారని, వాళ్ళకి మూటలు లేవని, ఉన్నా బరువుండదని కొడుకు చెప్పబోయాడు. కోడలు సైగ చేసి ఆపింది. ఆయనకి ఏదైనా చెప్పి ఒప్పించడం కంటే ఆ ఆట చేసేవాళ్ళని పట్టుకోవడమే తేలిక అనిపించింది.

అదీ తేలిక కాలేదు. వాళ్ళకి రాస్తే, "మీ సందేశం మాకెంతో విలువైనది" అని మిషను జవాబిచ్చింది. మళ్ళీ రాస్తే, అంతే విలువైనదని మళ్ళీ చెప్పింది. ఇక ఆమె విసుగెత్తి, గ్రూపులోనే అందరికీ కనబడేలా రాసింది: ఆ గొంతు మిషనుది కాదు, సినిమావాళ్ళదీ కాదు, మా మావగారిది, ఆటవాళ్ళకి తెలిసినవాళ్ళెవరైనా ఉంటే కబురందించండి అని. ఆయన మీద పెట్టిన కట్టడి కూడా తీసేసింది.

గ్రూపు భగ్గుమంది. "ఆ హారను మా బాబాయిది" అన్నాడొకడు. "ఏడ్చే పసిపిల్ల నేనే" అన్నాడింకొకడు. 'ఫస్ట్' అనేవాడు 'ఫస్ట్' అన్నాడు. ఆట రద్దయిపోయిందని లీకు వీరుడు ప్రకటించాడు. ఋజువు కావాలని కొందరు పట్టుబట్టారు. మావగారు ఒక్కొక్కరికీ వరసగా, మర్యాదగా, "అయ్యా, విచారణ కిటికీ వద్ద సంప్రదించిన విధముగానే తమకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టి జవాబులు రాశాడు. ఆ జవాబులు చదివాక ఋజువు అడిగినవాళ్ళు నోరు మూసుకున్నారు. ఇలా రాసే మనిషిని కల్పించడం ఎవరి తరమూ కాదని వాళ్ళకి తోచి ఉంటుంది.

మొత్తానికి ఎవరి ద్వారానో కబురు చేరి, ఆ ఆట బృందానికి పెద్దదిక్కైన అమ్మాయి ఫోను చేసింది. ముందు క్షమించమంది. ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికే శబ్దాల్లో 'బస్టాండు రద్దీ' అనేది ఒకటి కనిపిస్తే తీసుకున్నారట. ఎప్పుడో ఎవరో ప్రయాణికుడు రికార్డు చేసి పెట్టింది. అందులో మాట్లాడే మనిషి ఎక్కడో ఉంటాడని, ఉంటే ఫోను చేస్తాడని అనుకోలేదట. "తీసెయ్యమంటే తీసేస్తాం మేడం" అంది. మావగారు ఫోను లాక్కున్నాడు. "తియ్యొద్దు. సరిచెయ్యండి. నేనే వచ్చి 'రెండవ ప్లాట్‌ఫారము' అని చదివిపెడతాను. అక్కరలేని శ్రమ మీకెందుకు?"

షాపుకి సెలవున్న రోజు చూసుకుని కోడలు ఆయన్ని తీసుకెళ్ళింది. వాళ్ళ ఆఫీసు ఒక పళ్ళ డాక్టరు క్లినిక్కు పైన రెండు గదులు. నేలంతా వైర్లు. కిటికీ గట్టు మీద ఎండిపోయిన టీ మరకలతో కప్పులు. గోడకి ఆటలోని బస్టాండు నక్షా కాగితాలు అంటించి ఉన్నాయి. ఒక గడ్డం అబ్బాయి రెండు తెరల ముందు కూర్చుని బస్టాండు బెంచీలకి రంగు వేస్తున్నాడు. బట్టల బీరువా ఖాళీ చేసి, లోపల దుప్పట్లు వేలాడదీసి, రికార్డింగు గది అంటున్నారు. మావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పైజేబులో పెన్ను పెట్టుకుని వచ్చాడు. బీరువాలో నిలబడి, మైకుని చేత్తో తట్టి, "వినబడుచున్నదా?" అన్నాడు.

మొదటిసారి చదివినప్పుడు కింద పళ్ళ డాక్టరు మిషను గుయ్యిమంది. రెండోసారి చదివితే మావగారికి దగ్గు వచ్చింది. మూడోసారి దగ్గూ రాలేదు, మిషనూ మోగలేదు. "ఆరు గంటలకు ఓడరేవు వెళ్ళు ఎక్స్‌ప్రెస్ బస్సు రెండవ ప్లాట్‌ఫారముపై సిద్ధముగా ఉన్నది." ఆ అమ్మాయి బొటనవేలు పైకెత్తింది. ఆయన బయటికొచ్చి, చొక్కా సర్దుకుని, వినిపించమన్నాడు.

ఆ అమ్మాయి ముందు పాతది వినిపించింది. వెంటనే కొత్తది.

 కొత్తదాంట్లో ప్రతి మాట చివరా గాలి బయటికి పోతోంది. 'ఎక్స్‌ప్రెస్' దగ్గర పెట్టుడు పళ్ళు టక్కుమన్నాయి. మావగారు తల కాస్త పక్కకి వంచి విన్నాడు.

"ఎవరిది రెండోది?" అన్నాడు.

"మీదే సార్. ఇప్పుడు చదివింది."

"ఓహో" అన్నాడు. మళ్ళీ వినిపించమన్నాడు. ఆ అమ్మాయి తడుముకుంటూ, "మిషనుతో కాస్త వయసు తగ్గించొచ్చు సార్, ఈమధ్య అవన్నీ వచ్చాయి" అంది. కోడలికి ఆ మాట గుచ్చుకుంది. రోజూ గ్రూపులో అలాంటి వార్తలు పదేపదే పెట్టి మురిసిపోయేవాళ్ళని చూసి విసుక్కోవడమేగానీ, అది ఒకళ్ళ మొహం మీద ఎలా పడుతుందో ఎప్పుడూ చూడలేదు.

మావగారు తల అడ్డంగా ఊపాడు. "వద్దు. పాతదే ఉంచండి. వాడు బాగా చదివాడు." తర్వాత గోడ మీద కాగితాల దగ్గరికి నడిచి, పెన్ను తీసి, దాని మూతతో చూపించాడు. "బస్సుని ఇటు తెండి. నాలుగో దానికి."

గడ్డం అబ్బాయి కుర్చీ తిప్పాడు. "సార్, ఏమంటున్నారు సార్? నాలుగోది టాయిలెట్ల పక్కన ఉంది. అక్కడ బస్సు తిరగదు. తిరగాలంటే గోడ జరపాలి, గోడ జరిపితే టికెట్ల కౌంటరు జరపాలి, మనుషులు నడిచే దారి మొత్తం మళ్ళీ గియ్యాలి. నెలలు పడుతుంది సార్!"

"గోడ కట్టింది మీరేగా?"

"అంకెలు మార్చేస్తే పోలా? రెండుని నాలుగు చేసేస్తాం."

"ఒకటి, నాలుగు, మూడు అని ఎక్కడైనా ఉంటాయా నాయనా?"

ఆ అమ్మాయి నుదురు పట్టుకుంది. "ఇది ఆట సార్. ఎవరూ గమనించరు."

"గమనించ ప్రార్థన అని చెప్పించారుగా నాచేత!"

 కోడలు ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపుకుపోదామనే లేచింది. లేచాక తీరా నోట్లోంచి వచ్చింది వేరే మాట. "చూడమ్మా, మీరు అడక్కుండా తీసుకున్నారు. ఆయన తీసెయ్యమనట్లేదు. చెప్పినచోట బస్సు ఉండాలంటున్నారు, అంతే. ఎలాగూ 'త్వరలో' అన్నారుగా. ఇంకొన్నాళ్ళు త్వరలో అనండి. మా గ్రూపులో వాళ్ళని నేను చూసుకుంటాను."

ఆ చివరి మాట ఎందుకన్నానా అని మెట్లు దిగుతూనే నాలుక కరుచుకుంది.

వారం తిరక్కుండా ఆట ఆలస్యమవుతుందని ప్రకటన వచ్చింది. కారణం 'బస్టాండు మరమ్మతులు' అని వేశారు. ఆ ముక్కని పాఠకులు ఎన్నిసార్లు తెచ్చి పెట్టారో లెక్కలేదు. గోడ జరపడం గురించి గడ్డం అబ్బాయే ఎక్కడో నోరు జారాడు. దాంతో ఆలస్యానికి అసలు కారణం ఒక ముసలాయన పట్టుదలని అందరికీ తెలిసిపోయింది. 'బస్టాండు తాత' అని పేరు పెట్టారు. కొందరు ముద్దుగా, ఎక్కువమంది కసిగా. ఒక ప్లాట్‌ఫారం కోసం ఇంతమందిని ఆపుతావా అని మొదలై, అనరాని మాటలదాకా వెళ్ళాయి. ఆమె షాపులో అద్దాలు తుడుస్తూ తీసేసింది, కంటిపరీక్ష చార్టు పక్కన నిలబడి తీసేసింది, బస్సులో కమ్మీ పట్టుకుని తీసేసింది. నేను చూసుకుంటానని అన్నందుకు తనని తానే తిట్టుకుంటూ తీసేసింది.

మావగారికి అదీ నచ్చలేదు.

"తిట్లు ఎందుకు తీసేస్తున్నావమ్మా?"

"మిమ్మల్ని ఏమంటున్నారో చదివారా?"

"చదివాను. ఉంచు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బస్సు ఆలస్యమైతే కిటికీ దగ్గరికొచ్చి నన్నే తిట్టేవాళ్ళు. బస్సు నేను నడపను, చెడగొట్టను, బాగుచెయ్యను. అయినా అక్కడ కనపడే మనిషిని నేనొక్కణ్ణే. తిట్టి, కాస్త చల్లబడి, బెంచీ మీద కూర్చునేవాళ్ళు. కిటికీ మూసేస్తే ఎక్కడికి పోతారు?"

 ఆట చేసేవాడి మీది కోపం, ఫోను కంపెనీ మీది కోపం, ఆఖరికి కరెంటు పోయిన కోపం కూడా 'అడ్మిన్ అన్నా' అంటూ తన మీదకే ఎందుకొస్తాయో ఇన్నేళ్ళూ ఆమెకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైందని తేలికపడిందీ లేదు. బూతులు తీసేసి, మిగతా తిట్లు ఉంచింది. ఆ తిట్ల కింద మావగారు "తమకు కలిగిన అసౌకర్యమునకు చింతించుచున్నాము" అని రాసుకుంటూ పోయాడు. కొన్నాళ్ళకి తిట్టేవాళ్ళు ఆ జవాబు కోసమే తిడుతున్నారని ఆమెకు అనుమానమొచ్చింది.

గోడ జరిగింది. టికెట్ల కౌంటరు జరిగింది. చాలా నెలలకి ఆట వచ్చింది. ఈసారి ప్రకటనలో తేదీ, సమయం స్పష్టంగా వేశారు. ఆ విషయం మొట్టమొదట గమనించి గ్రూపులో పెట్టింది మావగారే. అది అప్పటికి ఎవరూ పెట్టలేదు కాబట్టి ఆమె ఉండనిచ్చింది. ఆట గొప్పగా ఏం లేదు. స్టీరింగు ఆలస్యంగా తిరుగుతుందని, వానలో అద్దం తుడిచే వైపరు ఉత్తుత్తినే ఊగుతుందని పాఠకులు మొదటి పూటే ఏకిపారేశారు. అయినా చాలామంది బస్సు తియ్యకుండా నాలుగో ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి, ప్రకటన అయ్యేదాకా విని, ఆ బొమ్మలు తెచ్చి గ్రూపులో పెట్టారు. ఒకే బొమ్మ. అందరూ అదే. ఆమె తీసేస్తూ తీసేస్తూ, వేలు నొప్పెట్టి, ఇక వదిలేసింది. ఇదంతా తనకి మొదట్నించీ తెలుసని లీకు వీరుడు రాశాడు.

మర్నాడు పొద్దున ఆమె షాపుకి బయల్దేరుతుంటే మావగారు హాల్లో టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. కొడుకు తన ఆట పెట్టె తగిలించి ఇచ్చాడు. రెండు చేతుల్తో దాని మీటలు పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, బస్సుని వెనక్కి తియ్యడానికి తంటాలు పడుతున్నాడు. బస్సు బెంచీకి గుద్దుకుంది. పైనుంచి ఆయన గొంతే నిండుగా ప్రకటన చదువుతోంది. మళ్ళీ గుద్దుకుంది. మళ్ళీ ప్రకటన.

"అమ్మాయ్, ఒక్క నిమిషం. దీన్ని ఆపడం ఎలాగ?"

"బస్సునా?"

"వీణ్ణి. చెవిలో జోరీగలా వాగుతూనే ఉన్నాడు. నడిపేవాడికి ధ్యాస నిలవక్కరలేదా?"

చెప్పులు వేసుకున్నదల్లా విప్పి, వచ్చి, పక్కన వంగి, సెట్టింగుల్లో 'ప్రకటనలు' దగ్గర ఆపేసి చూపించింది. బస్టాండులో పసిపిల్ల ఏడుపు, ఇంజను చప్పుడు మాత్రం మిగిలాయి. ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుని, మీట తిప్పాడు.

"ఆ ఆట చేసిన అమ్మాయికి మాత్రం ఈ సంగతి చెప్పకు" అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా. "పాపం, గోడ జరిపింది."